కాలికి రక్తం అందనప్పుడు: కణచికిత్స గురించి కొన్ని మాటలు



మన సొసైటీకి వైద్య సహాయం కోరుతూ వచ్చే దరఖాస్తుల్లో మానని కాలి పుండ్లవి ఉంటూనే ఉన్నాయి. "కాలు తీసేయాలంటున్నారు. మూలకణాలు ఎక్కిస్తే కాలు నిలుస్తుందట, నగలు అమ్మేద్దామా?" అని అడిగే తల్లులూ ఉన్నారు. అందుకే ఈ విషయం మనవి చేయదలచాము.

ముందు జబ్బు సంగతి. కాలికి పోయే రక్తనాళాల్లో కొవ్వు పేరుకొని దారి ఇరుకైపోతుంది. మొదట్లో కొంత దూరం నడిస్తే పిక్క పట్టేస్తుంది, నిలబడితే తగ్గుతుంది. వయసు మీద పడిందని సరిపెట్టుకొంటాము. ముదిరితే పడుకొన్నా నొప్పే. రాత్రిళ్లు కాలు మంచం మీంచి కిందికి వేలాడేస్తే గాని ప్రాణానికి హాయి ఉండదు. ఆపైన చిన్న దెబ్బ తగిలినా పుండై కూర్చుంటుంది. షుగరు ఉన్నవారికి స్పర్శ కూడా పోతుంది కనుక చెప్పులో రాయి గుచ్చుకొన్నా తెలియదు. తెలిసినా మన దాదీలు, నానీలు "ఏం లేదు బేటా" అని గుడ్డ చుట్టి దాచేస్తారు!

బర్గర్ జబ్బు అని ఇంకొకటి ఉంది. న్యూయార్కు వైద్యుడు లియో బర్గర్ 1908లో దీన్ని వివరంగా వర్ణించాడు. పొగాకు వాడే పడుచు మగవాళ్లకే ఇది ఎక్కువ. బీడీ మానకుండా ఎన్ని లక్షలు పోసినా ఈ జబ్బు ఆగదు.

ఇక కణచికిత్స. 2002లో జపాను వైద్యులు రోగి ఎముక మజ్జలోంచే కణాలు తీసి, అతని పిక్క కండరాల్లోకి ఇంజెక్షన్లుగా ఇచ్చిన ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. అప్పటినుంచి ఆశ పుట్టింది. ఈ కణాలు ప్రధానంగా చేసే పని, చుట్టుపక్కల సన్నని రక్తనాళాలు మొలకెత్తేలా కొన్ని పదార్థాలను విడుదల చేయడం. పెద్ద కాలువ పూడితే పిల్లకాలువలు తవ్వుకొన్నట్టన్నమాట.

మన దేశంలో బెంగుళూరు స్టెంప్యూటిక్స్ సంస్థ ఆరోగ్యవంతులైన దాతల మజ్జ కణాలను పెంచి, కలిపి, గడ్డకట్టించి స్టెంప్యూసెల్ అనే మందు తయారు చేసింది. 90 మంది రోగుల మీద జరిగిన పరీక్షలో, మామూలు వైద్యం కన్నా నొప్పి తగ్గడం, పుండు మానడం మెరుగ్గా కనిపించాయి. రోగి బరువులో కిలోకు 20 లక్షల కణాల చొప్పున పిక్కలోను, పుండు చుట్టూను ఇస్తారు. బర్గర్ జబ్బుకు 2016లో పరిమితమైన అనుమతి, 2020లో కొవ్వు పేరుకొన్న నాళాల జబ్బుకు కూడా అనుమతి లభించాయి. ఒక్క రోజులో మహిమ చూపే మందు కాదు. నెలలు పడుతుంది.

రెండోవైపు కూడా చెప్పాలి. నెదర్లాండ్స్‌లో 160 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. అక్కడ రోగి సొంత మజ్జ కణాలను ధమనిలోకి ఎక్కించారు. ఆరు నెలల్లో కాళ్లు తీసేయవలసి రావడం ఏమీ తగ్గలేదు. కణాలు వేరు, ఇచ్చే దారి వేరు కావచ్చు. కాని "స్టెమ్ సెల్" అన్న మాట వినగానే నగలు తాకట్టు పెట్టరాదని మా అభిప్రాయం. మోకాళ్లకూ, పక్షవాతానికీ, కాలి పుండుకూ ఒకే సీసా చూపించేవారిని నమ్మకండి. మందు పేరేమిటి, ఈ జబ్బుకు అనుమతి ఉన్నదా అని కాగితం మీద రాసి ఇమ్మనండి. ప్రయోగమని చెబితే, ప్రయోగానికి మా దగ్గర డబ్బు ఎందుకండీ అని అడగండి.

అన్నిటికన్నా ముందు రక్తనాళాల సర్జనుకు చూపించాలి. బెలూను వేసో, బైపాస్ చేసో దారి తెరవగలిగితే మొదటి వైద్యం అదే. చీలమండ రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చే తేలిక పరీక్ష ఒకటి ఉంది. నిష్పత్తి 0.9 కన్నా తక్కువైతే అనుమానించాలి. షుగరు ముదిరినవారిలో నాళాలు గట్టిపడి లెక్క ఎక్కువగా చూపవచ్చు, అప్పుడు కాలి వేలి దగ్గర చూస్తారు.

వజూ చేసేటప్పుడు ఎలాగూ పాదాలు కడుగుతాము. అప్పుడే అరికాలు చూసుకొని, వేళ్ల సందులు పొడిగా తుడుచుకొంటే పుండు మొదట్లోనే దొరుకుతుంది. కళ్లు సరిగా కనిపించని పెద్దల కాళ్లు కోడళ్లు, మనవలు చూడాలి.

ఇకమీదట కాలి వైద్యానికి సహాయం కోరేవారు సర్జను రాసిన చీటీ, పై పరీక్ష కాగితం, ఇవ్వబోయే మందు పేరు దరఖాస్తుకు జతపరచ ప్రార్థన. పుండు నల్లబడినా, జ్వరం వచ్చినా దరఖాస్తు సంగతి తర్వాత, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.