మఱుగుపడిన చిన్న పాటలు

(రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగపాఠము)



ఇట్టి సభలలో మనుచరిత్రమును గూర్చియో, పోతనామాత్యుని గూర్చియో ప్రసంగించుట వాడుక. నేటి విషయము అంతటి గౌరవము గలది కాదు. 1980 మొదలు 1990 వఱకు తెలుగు చలనచిత్రములలో వెలువడి, ఒక పంటకాలము ఊరూర మ్రోగి, మఱుసటి పంటకు ఎవ్వరి నోటను లేకుండ పోయిన చిన్న పాటలను గూర్చి నాలుగు మాటలు చెప్పుటయే నేటి యుద్దేశము. గ్రంథాలయమునకును సినిమాపాటకును సంబంధమేమని పెద్దలు నొసలు చిట్లింపవచ్చును. ప్రసంగము నడచిన కొలది ఆ సంబంధము తేటపడగలదు.

1980లో వచ్చిన ‘శంకరాభరణము’, 1982లో వచ్చిన ‘మేఘసందేశము’, 1983లో వచ్చిన ‘సాగరసంగమము’ — వీని పాటలకు దిగులు లేదు. జాతీయ బహుమానములు పొందిన చిత్రములవి. ఆ పాటలు నేర్పు గురువులున్నారు, పోటీలలో పాడు పిల్లలున్నారు. మన పుట్టపర్తి భజనగీతములకును దిగులు లేదు. అవి ధ్వనిముద్రితములై భద్రముగా నున్నవి, 2001లో వానికై ప్రత్యేక రేడియో ప్రసారమే మొదలైనది. పట్టా గల భూమివలె ఈ పాటలకు హక్కుదారులు గలరు. పట్టా లేని పాటలు వేఱు. రెండు వారములాడి డబ్బాలకెక్కిన చిత్రములలోనివి అవి. చిత్రము పేరు పోయినది, కథ పోయినది, నాయకుడెవడో జ్ఞాపకము లేదు. సగము చరణమును, దాని వెనుక వినవచ్చిన వేణునాదమును మాత్రము మిగిలినవి. అదియు విత్తనపు కాయలొలుచుచు కూర్చున్న యొక ఏబదియేండ్ల యిల్లాలి కూనిరాగములో మిగిలినది. తరువాతి మాట యేమని అడిగినచో ఆమెకు తోచదు.

ఈ మెట్టసీమకు ఆ పాటలు వచ్చిన త్రోవలు చెప్పుకొనదగినవి. 1957లో ఆరంభమైన వివిధభారతియు, 1963లో నెలకొన్న కడప రేడియో కేంద్రమును ఒక త్రోవ. సిలోను రేడియోలో మీనాక్షి పొన్నుదొరై గారి కంఠమున పాటల పరిచయము వినిన వృద్ధులు నేటికిని కలరు. సరిహద్దున కావల బెంగుళూరు కేంద్రము. హిందూపురము, మడకశిర వైపు వారికి కన్నడమును తెలుగును రెండు చెవులవంటివి. కావున మైసూరు సోదరులైన రాజన్-నాగేంద్ర కట్టిన వరుసలు ఈ ప్రాంతమునకు ఇరువైపులనుండియు వచ్చి చేరినవి. ‘సొమ్మొకడిది సోకొకడిది’ (1979), ‘నాలుగు స్తంభాలాట’ (1982) చిత్రములకు సంగీతము కూర్చినవారు వీరే. కన్నడమున వినిన వరుసయే తెలుగున వినవచ్చిన, ఇది మొదట ఎవరిదని తగవులాడుకొనుట ఆనాటి టీ హోటళ్లలో ఒక వేడుక.

అంతకంటె పెద్ద త్రోవ పెండ్లి మైకుసెట్టు. సినిమా కొట్టాయిలో ఆట మొదలగుటకు ముందు ఘంటసాలవారి వేంకటేశ్వరస్తుతి మ్రోగించుట ఎట్లు ఆచారమో, పెండ్లి పందిరి లేవగనే చెట్టుకొమ్మకు బాకా కట్టి రికార్డు పెట్టుట అట్లే ఆచారము. మైకుసెట్టువాని పెట్టెలో నున్న రికార్డులే ఊరికి సంగీతభాండాగారము. అతడు ఏది పెట్టిన అది వినవలసినదే. వాని పెట్టెలో గొప్ప పాటలు తక్కువ, చౌకగా దొరకిన పాటలు ఎక్కువ. ఆడని చిత్రముల రికార్డులు అంగడివాడు తక్కువ వెలకు వదలించుకొనును. కనుకనే పట్టణములో ఒక్క దినమైన నిలువని పాట పల్లెలో రెండేండ్లు మ్రోగినది. ఈ సంగతి సంగీతచరిత్ర వ్రాయువారు గమనించినట్లు కానరాదు.

పిమ్మట క్యాసెట్టు వచ్చెను. ఫిలిప్సు సంస్థవారు 1963లో ఐరోపాలో వెలువరించిన యీ చిన్న పెట్టె 1980 దాటిన పిదప గాని మన పల్లెలకు చేరలేదు. గల్ఫు దేశములకు పోయినవారు టేపురికార్డర్లు తెచ్చిరి. అంగళ్లలో ఖాళీ క్యాసెట్టు కొని, కావలసిన పాటల పట్టీ వ్రాసియిచ్చిన, అంగడివాడు రికార్డులనుండి ఎక్కించి యిచ్చెడివాడు. 60 నిమిషముల క్యాసెట్టు. ప్రక్కకు 30 నిమిషములు. మొత్తము 12 లేక 13 పాటలు. లెక్క ఎన్నడును సరిగా కుదిరెడిది కాదు. ప్రక్క చివర రెండు నిమిషములు మిగిలిన, ఊరక పోనేల యని అంగడివాడు తనకు తోచిన యే చిన్న పాటనో ఎక్కించెడివాడు. అది మొదటి చరణములోనే తెగిపోయెడిది. ఆ యింటివారికి ఆ పాట అంతియే! తక్కిన చరణము ఉన్నదని కూడ ఎఱుగరు. అడుగక వచ్చినది, సగము వచ్చినది; అయినను కోరి వ్రాయించుకొన్న పాటలకంటె దానినే ఎక్కువగా పాడుకొనినవారు గలరు.

ఆ పట్టీల సంగతి యొకటి చెప్పవలెను. హాలుడను శాతవాహనరాజు కోటి గాథలలో 700 ఏరి గాథాసప్తశతి కూర్చెనని ఆ గ్రంథమే చెప్పుచున్నది. పంటచేల కావలి పిల్లలు, బాటసారులు, పల్లెపడుచులు — ఇట్టివారి చిన్న చిన్న మాటలే అందులోని సంపద. ఆనాడు వానిని ఎవ్వరును గొప్ప కవిత్వమనుకొని యుండరు. ఒకడు ఏరి యొకచోట నుంచుటచే అవి నిలిచినవి. ఆ గాథలను తెనుగు చేసినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. మన అనంతపురము జిల్లాలోని రాళ్లపల్లిలో 1893లో జన్మించినవారు. క్యాసెట్టు అంగడిలో పాటల పట్టీ వ్రాసిన పదునెనిమిదేండ్ల యువకుడు హాలుడు కాడు. ఐనను చేసిన పని యా జాతిదే. ఆ పట్టీలు నేడు చెదలకు ఆహారమైనవి.

పాటలు కట్టినవారెవరు? ముఖ్యముగా చక్రవర్తి, సత్యము, రమేశ్ నాయుడు, రాజన్-నాగేంద్ర, తరువాత ఇళయరాజా. చక్రవర్తి వందల చిత్రములకు సంగీతము కూర్చిరి. అంత వేగముతో కట్టినవానిలో తాలు ఎంత, గింజ యెంత యని విడదీయుట కష్టము. రమేశ్ నాయుడు మార్గము వేఱు. బంగాళ దేశమున పనిచేసి వచ్చినవారగుటచే వారి చిన్న పాటలోను ఒక మెత్తదనము కానవచ్చును. ‘ముద్దమందారము’ (1981), ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984) వారివే. పాడినవారిలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము గారిని ప్రత్యేకముగా తలపవలెను. వారు ఇంజనీరు కాగోరి అనంతపురము కళాశాలలో చేరి, టైఫాయిడు జ్వరముచే ఆ చదువు మానిరి, 1966లో చిత్రగాయకులైరి. 1981 ఫిబ్రవరి 8వ తేదీన బెంగుళూరులో ఉపేంద్రకుమార్ సంగీతమున ఒక్క దినమున 21 కన్నడ పాటలు పాడిరని ప్రసిద్ధి. ఆ సంఖ్య అందఱకును తెలియును. ఆ 21 పాటలేవో చెప్పగలవారు అరుదు. చిన్న పాటల గతికి ఇంతకంటె తార్కాణ మేల?

ఇచట నిష్పక్షపాతముగ నొక మాట చెప్పవలసియున్నది. ఆ పాటలన్నియు రత్నములు కావు. పరభాషల వరుసలకు మాటలు పొదిగినవి కొన్ని. ఇంటిల్లిపాది ఎదుట వినరాని ద్వంద్వార్థములు గలవి మఱికొన్ని. అప్పుడు లోకమంతటను డిస్కో వెఱ్ఱి. బెంగుళూరున పుట్టి లండనులో స్థిరపడిన బిడ్డు అను సంగీతదర్శకుడు 1981లో నాజియా హసన్ అను బాలికచే ‘డిస్కో దీవానే’ పాడింపగా అది పలు దేశములు చుట్టివచ్చినది. 1982లో హిందీ ‘డిస్కో డాన్సర్’ వచ్చినది. 1984లో తెలుగున ‘డిస్కో కింగ్’ వచ్చినది. వానలేక బీడువడిన యీ నేలపై మెఱపుదీపముల నాట్యము జనులకెట్లు నచ్చెనని కొందఱు వెక్కిరింతురు. ఆ మాటకు వచ్చిన వానపాటలు మాత్రమేమి? దేశములో అత్యల్ప వర్షపాతము గల జిల్లాలలో నొకటియైన యీ సీమలో, మబ్బుతునుక లేని యాకసము క్రింద, నాయికానాయకులు తడిసి ముద్దయిన పాటను జనులు మనసార వినిరి. లేనిదానిని పాటలో వినుట కఱవుసీమకు క్రొత్త కాదు.

ఈ మక్కువ యంతయు వయసు మహిమయనియు, పదునాఱవ యేట వినినది ప్రతివానికిని అమృతమే యనియు కొందఱి యాక్షేపణ. అందు నిజము లేకపోలేదు. కాని తలచువాని వయసును బట్టి తలచిన వస్తువును త్రోసివేయరాదు. కఱవునకు తాళలేక బెంగుళూరునకు మేస్త్రీపనికి తరలిన కుటుంబముల పెద్దలకు, విడిచివచ్చిన ఊరి సాయంకాలమునకు నేడు మిగిలిన ఆనవాలు తఱచుగా ఇట్టి పాటయే. చిత్రావతిలో నీరు పాఱుట అరుదు. ఐనను ఇసుకలో చెలమ త్రవ్విన ఊట దొరకును. అట్లే ఈడువారు ఇద్దఱు కూర్చుండి, ఒకరు పల్లవి యెత్తుకొనిన రెండవవారికి చరణము జ్ఞప్తికి వచ్చును. ఒంటిగా త్రవ్విన రాదు. ఆ ఇద్దఱిలో ఒకరు పోయిరా, పాట సగమునకు సగము పోయినట్లే.

మఱియొక యాక్షేపణ: నేడు చేతిలోని ఫోనులో సర్వమును దొరకుచుండగా వెదకనేల? దొరకును, పేరు తెలిసిన దొరకును. చిత్రము పేరు తెలియక, పల్లవి మఱచి, నడిమి చరణపు ముక్క మాత్రము గలవాడు దేనిని పట్టుకొని వెదకును? హక్కుదారులు ఎక్కించినవి అందున్నవి, ఎక్కింపనివి లేవు. ఉన్నవానిలోను కవి పేరు లేనివి, ఒకరి పాట ఇంకొకరి పేర చెలామణియగునవి కొల్లలు. క్యాసెట్టో, ప్లాస్టిక్కు పట్టీపై పూసిన ఇనుప తుప్పు పొడి. ఎండకును తేమకును అది రాలును, పట్టీ అతుకుకొనును. భోగిమంటలలో వేసినవారును ఉన్నారు.

ఇక గ్రంథాలయమునకు సంబంధించిన విషయము. సినిమా కొట్టాయి వాకిట పాటల పుస్తకములు అమ్మెడివారు. నాసి కాగితము, ముఖచిత్రము, లోపల సగము కథ, శేషము వెండితెరపై చూడుడను మాట, పిమ్మట పాటలు. ప్రతి పాటకు పైన కవి పేరు, గాయకుల పేర్లు. చిత్రము పోయి, రికార్డు పగిలి, టేపు రాలినను, ఆ కాగితమొక్కటి యున్న పాటకు సాక్ష్యమున్నట్లే. మన పూర్వులు దండకవిలెలలో చెఱువు తూములును, మాన్యములును, ఎల్లరాళ్లును వ్రాసియుంచుటచేతనే గదా మెకంజీ దొరవారి కాలమున గ్రామచరిత్రలు వ్రాయుటకు వీలయినది! చిల్లర పద్దే చివరకు చరిత్రమయినది.

తాళ్లపాక అన్నమాచార్యులు 32,000 సంకీర్తనలు రచించిరని చెప్పుదురు. దొరకినవి అందులో సగమైన లేవు. తిరుమల భాండాగారమున రాగిరేకులపై అవి శతాబ్దులు పడియుండెను. రేకులపై మాటలున్నవి, రాగముల పేర్లున్నవి, వరుసలు లేవు. ఆ మాటలలో అనేకమునకు స్వరములు కూర్చి మఱల వినిపించినవారిలో ప్రముఖులు ఇందాక పేర్కొన్న రాళ్లపల్లివారే. ఆ రేకులను పరిష్కరించుటకు శ్రమించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అంతకు ముందే ఊరూర తిరుగాడు చాటుపద్యములను ఏర్చి ‘చాటుపద్యమణిమంజరి’ వెలువరించిరి. కర్త తెలియనివి, పొట్టకూటికి చెప్పినవి, సరసము మితిమీఱినవి — అన్నియు అందు గలవు. శాస్త్రిగారు ముక్కు మూసికొనలేదు. శాస్త్రిగారి వంశమువారే వేటూరి సుందరరామమూర్తిగారు. ఈ ప్రసంగమున చెప్పుకొనిన చిన్న పాటలలో ఎన్నియో వారి కలమునుండి వెలువడినవే. పెద్దవారు చాటువులు దాచిరి. వారి యింటి బిడ్డ చాటువులవలె పాటలు చల్లుచు పోయెను. వానిని దాచువారు కావలెను.

రమేశ్ నాయుడు 1987లోను, సత్యము 1989లోను, నాగేంద్ర 2000లోను, చక్రవర్తి 2002లోను, వేటూరి 2010లోను, బాలసుబ్రహ్మణ్యమును రాజనును 2020లోను గతించిరి. అడిగి తెలిసికొనుటకు పాట కట్టినవారు అఱుదైరి, మిగిలినది వినినవారే. వారును అఱువదికి చేరువయగుచున్నారు.

కావున 25 యేండ్లు నిండిన యీ గ్రంథాలయమున ఒక బీరువా అఱ ఇందులకు కేటాయింపవలెనని కోరిక. పాత పాటల పుస్తకములు, క్యాసెట్టు అట్టలు, చేతివ్రాత పట్టీలు ఎవరి యింటనున్నను — చినిగినవైనను, ముఖపత్రము లేనివైనను — తెచ్చి యీయవలెను. చెడకమునుపే క్యాసెట్లలోని పాటలను కంప్యూటరులోనికి ఎక్కించుట యువకుల వంతు. మఱియు నొక ఖాతాపుస్తకము తెఱవవలెను. పాట మొదటి మాట, చిత్రము, సంవత్సరము, కవి, సంగీతము, గాయకులు, ఎచట వినినది, ఎవరు చెప్పినది — ఇవి గడులు. తెలియని గడిని ఖాళీగా విడువవచ్చును, ఊహించి నింపరాదు. తెలిసినవారు మఱియొకనాడు వచ్చి నింపుదురు. ఒక చరణపు ముక్క తప్ప ఏమియు జ్ఞాపకము లేనివారు ఆ ముక్కనే వ్రాయవలెను. చదువురాని తల్లులు వచ్చి పాడినచో, వ్రాసికొనుటకు సాయంకాలము 6 గంటలు మొదలు గ్రంథపాలకుడు బల్లవద్ద నుండును.