సగటు లెక్కలో మన వాడ ఎక్కడుంది?

(ప్రజారోగ్యం చదువుతున్న దళిత విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరు బీద దేశాల ప్రజారోగ్య వ్యవస్థల మీద చదువుతున్నారు. మన పిల్లలు ఈ చదువులోకి రావడం మంచిదే. అయితే ఎక్కడ నిలబడి చదువుతారన్నది అసలు ప్రశ్న. ఊరి నడిబొడ్డున నిలబడి చూస్తే ఆసుపత్రి బిల్డింగు కనపడుద్ది. వాడలో నిలబడి చూస్తే అక్కడికి పోయే దారి ఉందో లేదో కనపడుద్ది.

డబ్బుల్లేవు కాబట్టి బీదలకు వైద్యం లేదని పాలకులు చెబుతారు. ఈ మాట ఎంత నిజమో పక్కనున్న శ్రీలంకను చూసి తేల్చుకుందాం. అదేం ధనిక దేశం కాదు. వైద్యానికి సర్కారు పెట్టే ఖర్చు జాతీయాదాయంలో 2 శాతం దరిదాపుల్లోనే తిరుగుతూ వచ్చింది. అయినా 1930ల్లో లక్ష కాన్పులకు 2 వేల మందికి పైగా తల్లులు చనిపోయిన ఆ దేశంలో, ఇటీవలి ఏళ్లలో ఆ సంఖ్య 30, 40 మధ్యకు దిగింది. మన దేశంలో 2018-20 లెక్క 97.

ఎలా దిగింది? 1926లో కలుతర దగ్గర మొదటి ఆరోగ్య యూనిట్ పెట్టారు. 1931లో ఆడా మగా అందరికీ ఓటు వచ్చింది. 1934-35లో మలేరియా విరుచుకుపడి 80 వేల మంది దాకా పోయారు. ఓట్లకోసం పల్లెకు పోవాల్సిన నాయకులు ఇక ఊరుకోలేకపోయారు. పల్లెల్లో ఆసుపత్రులొచ్చాయి, ఫీజులు పోయాయి. 3 నుంచి 5 వేల జనానికి ట్రైనింగు అయిన ఒక మంత్రసానమ్మ. ఆమె తన ఏరియాలోనే తిరుగుద్ది, గడపగడపకూ పోద్ది, ప్రతి కుటుంబాన్నీ రిజిస్టర్లో రాసుకుంటది. ఒక తల్లి చనిపోతే ఎందుకు చనిపోయిందో విచారణ జరుగుద్ది.

మన మైదాన ప్రాంతాల్లోనూ 5 వేల మందికి ఒక సబ్ సెంటరుండాలని రూలుంది. కాగితం మీద చూస్తే మనకూ వాళ్లకూ పెద్ద తేడా లేదు. నర్సమ్మ ఏ గడప దాకా వస్తుంది, రాకపోతే నిలదీసే బలం ఎవరికుంది? తేడా అంతా అక్కడుంది.

శ్రీలంకను మెచ్చుకునే చాలా రాతలు ఇక్కడ ఆగిపోతాయి. మనం ఆగకూడదు. అక్కడ కొండల మీద తేయాకు తోటలున్నాయి. తెల్లదొరలు తమిళనాడు నుంచి తోలుకుపోయిన కూలీల బిడ్డలు, మనవలు అక్కడ ఆకు కోస్తున్నారు. పళ్లర్లు, పరయర్లు, చక్కిలియర్లు వాళ్లలో ఎక్కువ. చక్కిలియర్లంటే పరాయివాళ్లు కాదు, తమిళనాడులో అరుంధతీయులని పిలిచే జనం. ఇళ్లల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు వాళ్లలో చాలా ఉన్నాయి. వీళ్ల వైద్యాన్ని బ్రిటిషువాళ్లు తోట యజమానికి అప్పగించారు. పనిచేయించుకునేవాడే, జబ్బు చేసిందో లేదో తేల్చేవాడు. ఇక పనికి పోకుండా సెలవెవడిస్తాడు?

స్వాతంత్ర్యం వచ్చింది, 1948 చట్టంతో సుమారు 7 లక్షల మంది తోట జనం పౌరసత్వం లేనివాళ్లయ్యారు. 1949లో ఓటూ పోయింది. దేశమంతా ఎదుగుతున్న ఆరోగ్య వ్యవస్థ తోట గేటు దగ్గర ఆగిపోయింది. పల్లెకు ఆసుపత్రిని తెచ్చింది ఓటైతే, తోటకు దాన్ని రానీయనిది ఓటు లేకపోవడమే. పౌరసత్వం సమస్య పూర్తిగా తీరడానికి 2003 దాకా పట్టింది. 1990ల నుంచి తోట ఆసుపత్రుల్ని కొద్దికొద్దిగా సర్కారు తీసుకుంటూ వచ్చింది. మునుపటికంటే బాగుపడిన మాట నిజం. కాని 2016 సర్వే చూడండి: అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివాళ్లు దేశం మొత్తం మీద 17 శాతం, తోటల్లో 32 శాతం.

ఈ సంగతి మనకెలా తెలిసింది? శ్రీలంక లెక్కల్లో పట్టణం, గ్రామం, ఎస్టేటు అని మూడు గళ్లుంటాయి. ఆ మూడో గడి లేకపోతే తోట పిల్లల ఆకలి గ్రామం సగటులో కలిసిపోయి కనపడకుండా పోయేది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కులం గడి ఉంది. అందుకే ఎదుగుదల లేని పిల్లలు ఎస్టీల్లో 41 శాతం, ఎస్సీల్లో 39, అగ్రకులాలుండే 'ఇతరుల్లో' 30 అని చెప్పగలుగుతున్నాం. కాని పైన చెప్పిన 97 ఉంది చూశారా, ఆ తల్లుల చావుల లెక్క రాష్ట్రాల వారీగా వేస్తారు, కులం గడి ఉండదు. ఆ 97 మందిలో మాల మాదిగ వాడల నుంచి, గూడేల నుంచి పోయినవాళ్లెందరు? జవాబు లేదు. ఎందుకంటే ఆ ప్రశ్న అడగలేదు.

రోగానికి కులమేంటి అని మీ క్లాసులో ఎవరన్నా అంటారు. రోగానికి లేదు బాబూ. సబ్ సెంటరు ఎక్కడ కట్టాలో తేల్చిన పంచాయతీకి ఉంది. రాత్రిపూట బండి కట్టడానికి ఒప్పుకోనివాడికుంది. కాన్పు గదిలో ఎవరిని చేత్తో ముట్టుకోవాలో ఆలోచించేవాడికుంది.

ఇంకో సంగతి. ఒకసారి కట్టిన వ్యవస్థ ఎల్లకాలం నిలబడుద్దనుకోవద్దు. శ్రీలంకలోనే 1963లో మలేరియా కేసులు 17కు దిగాయి. నిఘా సడలింది, 1968-69లో లక్షల కేసులొచ్చాయి. మళ్లీ కష్టపడితే 2016లో మలేరియా లేని దేశమనిపించుకుంది. 2022 ఆర్థిక సంక్షోభంలో ఆసుపత్రుల్లో మందులకు కటకట వచ్చింది, డాక్టర్లు దేశం వదిలిపోయారు. ధర్మాసుపత్రి దెబ్బతింటే ప్రైవేటుకు పోలేనివాడికే ముందు తగులుద్ది. కాబట్టి దాన్ని తిట్టి వదిలేయడం మన పని కాదు. నిలబెట్టుకుంటూనే లెక్క అడగాలి.

మీరు ఏ దేశం మీద థీసిస్ రాసినా ముందు అక్కడి తోట గేటు ఎక్కడుందో వెతకండి. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ మండలంలో గత అయిదేళ్లలో కాన్పుల్లో పోయిన తల్లుల సంగతి కనుక్కోండి. పేర్లు మనకొద్దు. ఏ వాడ, ఆసుపత్రి ఎంత దూరం, బయలుదేరిందెప్పుడు, చేరిందెప్పుడు, మధ్యలో ఎవరు తిప్పిపంపారు, ఇవి చాలు. పది మండలాల లెక్క చేతికొస్తే కలెక్టరు ముందు పెడదాం. సర్కారు గీయని గడిని మనమే గీసి చూపిద్దాం.