విషయం ఒకటే, చూపులు పది

అవధాన సభలో పృచ్ఛకుడు సమస్యగా ఒక పద్యపాదం ఇస్తాడు. పద్యంలో ఆ పాదం అతనిది, దాన్ని మార్చడానికి వీల్లేదు. మిగతా పాదాలు కట్టి అవధాని దాన్ని పూరిస్తాడు. అదే సమస్యను మరో ఊళ్ళో మరో అవధానికి ఇస్తే పూరణ వేరే దారిలో నడుస్తుంది. ఇచ్చిన పాదం ఇద్దరికీ ఒకటే గనుక మనం తలూపేది పూరణలోని ఊహకే. మన పట్టణాల్లోని చిన్న గ్యాలరీల్లో ఆ ఊరి చిత్రకారులు పదీ పదిహేను మంది కలిసి, ఒకే అంశం మీద బొమ్మలు వేసి ప్రదర్శన పెడుతుంటారు. దాన్ని కూడా సమస్యాపూరణను విన్నట్టే చూడాలి. బొమ్మలు చూడడం నేర్చుకోదలచినవారికి అంతకంటే మంచి బడి లేదని నా నమ్మకం. విషయం అందరికీ ఒకటే అయినప్పుడు, బొమ్మకూ బొమ్మకూ మధ్య మిగిలే తేడా అంతా చిత్రకారుడి చూపుదీ చేతిదీ.

మామూలుగా బొమ్మ ముందు నిలబడగానే మనకు వచ్చే ప్రశ్న "ఇదేం బొమ్మ?" అని. ఆవు, గుడి, నీళ్ళు మోసే ఆడమనిషి అని పేరు దొరగ్గానే చూడడం అయిపోతుంది, కాళ్ళు పక్క బొమ్మ వైపు కదులుతాయి. అంశం ముందే చెప్పిన ప్రదర్శనలో ఆ ప్రశ్నకు గుమ్మం దగ్గరే జవాబు దొరుకుతుంది. అంశం 'చెరువు' అనుకుందాం. ఒకరు నీటి అంచును పటం పైభాగానికి జరిపి, పటమంతా నీటితో నింపుతారు. ఇంకొకరు చెరువును అడుగున సన్నని గీతగా ఉంచి, మిగతా చోటంతా మబ్బుకు ఇస్తారు. మూడో పటంలో చుక్క నీరు ఉండదు, నెర్రెలిచ్చిన ఒండ్రుమట్టి మాత్రమే ఉంటుంది. మూడూ చెరువులే. ఇక అడగవలసింది "ఏమిటి?" అని కాదు, "ఎలా? ఎందుకిలా?" అని. కళను ఆస్వాదించడం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

పెద్ద చిత్రకారుల పనిలోంచే దీనికి సాక్ష్యం తీసుకుందాం. తెలంగాణ పల్లె స్త్రీ అనే ఒక్క విషయం చూడండి. సిద్దిపేటను కార్యక్షేత్రం చేసుకున్న కాపు రాజయ్య, మెదక్ ప్రాంతపు లక్ష్మా గౌడ్, కరీంనగర్ ప్రాంతపు తోట వైకుంఠం ముగ్గురూ ఆమెను చిత్రించారు. వైకుంఠం పటంలో ఆమె చట్రం నిండా ఉంటుంది. నల్లని నిగనిగల ఒళ్ళు, నుదుట పెద్ద బొట్టు, ముదురు ఎరుపో పసుపో చీర, దాని అంచు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నీడలు దాదాపు లేవు, రంగే ఆమెకు బరువునిస్తుంది. లక్ష్మా గౌడ్ ఎచింగ్‌లో అదే స్త్రీ గీతలోంచి పుడుతుంది. లోహపు రేకు మీద మైనపు పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచుతారు. గీసిన చోట యాసిడ్ లోహాన్ని తింటుంది. ఆ గాడిలో సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తారు. అందుకే ఆ గీతకు వెంట్రుకంత సన్నదనమూ, మట్టి గీరినంత గరుకుదనమూ ఉంటాయి. రాజయ్య చేతిలో ఆమె జానపద పటంలోని మనిషిలా, బోనాల పండుగలోనూ కులవృత్తుల నడుమా పదిమందిలో ఒకతెగా నిలుస్తుంది. వైకుంఠం, లక్ష్మా గౌడ్ ఇద్దరూ హైదరాబాదులో చదివి, ఆపైన బరోడా వెళ్ళినవారే. నేల ఒకటి, చదువు ఒకటి, విషయం ఒకటి. అయినా ఒకరి పటాన్ని ఇంకొకరిదని పొరబడే వీలే లేదు.

ఇలా అంశం ముందే బిగిస్తే కళాకారుడి స్వేచ్ఛ ఏమవుతుందని కొందరు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. దీనికి కుల పురాణాలను గుడ్డ మీద పటాలుగా వేసే చేర్యాల నకాషీ చిత్రకారులు తమ పనితోనే జవాబిచ్చారు. ఏ కులానికి ఏ పురాణం వేయాలో, కథ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో వారికి ముందే తెలుసు. పద్మశాలీల కోసం వేసే పటం మార్కండేయ పురాణమే. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసి, ఎర్రని నేల మీద బొమ్మలు దించడమూ తరాలుగా వస్తున్న పద్ధతే. ఇన్ని కట్టుబాట్ల మధ్యన కూడా కళ్ళు దిద్దే తీరులో, మనుషుల్ని గుంపుగా నిలిపే తీరులో ఏ చేయి చేసిన పనో తెలిసిపోతుంది. ఛందస్సు కవి నోరు కట్టేయనట్టే, అంశం చిత్రకారుడి చేయి కట్టేయదు. అయితే అంశాన్ని నినాదంగా తీసుకుని, దానికి బొమ్మను అట్టలా అతికించే ప్రమాదం మాత్రం ఉంది. పర్యావరణం అనగానే భూగోళానికి కన్నీళ్ళు పెట్టే పటాలు అలా పుట్టినవే. అక్కడ తప్పు అంశానిది కాదు, చిత్రకారుడు చూడకుండానే వేశాడు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఊరి ప్రదర్శనలో అన్నీ మేలైన బొమ్మలు ఉండవు, పెద్ద మ్యూజియంకు వెళ్ళడమే మేలు కదా అంటారు. అన్నీ మేలైనవి ఉండవన్నది నిజమే. కానీ అన్నీ గొప్పవే ఉన్నచోట కొత్తగా చూసేవాడికి గొప్పతనం ఎందులో ఉందో తెలియదు. ఒకే చెరువును నలుగురు క్యాలెండర్ బొమ్మలా వేసి, ఐదోవారు తూము దగ్గర సుడి తిరిగే నీటిని పట్టుకుంటే, మంచి బొమ్మ అంటే ఏమిటో ఆ గోడే చెబుతుంది. పైగా ఆ చెరువు మనకు తెలుసు. సాయంత్రం దాని మీద పడే ఎండ రంగు ఢిల్లీ విమర్శకుడికంటే మనకే బాగా తెలుసు, కాబట్టి తీర్పు చెప్పే హక్కూ మనదే. ఊరి కళ చిన్నదనుకునేవారు రాజమండ్రిని తలచుకోవాలి. దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివి గోదావరి ఒడ్డుకే తిరిగి వచ్చారు, అక్కడే శిష్యులను తయారు చేశారు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే కన్నుమూశారు. ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఆయన చిత్రాలతో పాటు ఆయన వెంట నడిచినవారి చిత్రాలూ ఉన్నాయి. పక్కపక్కన చూసినప్పుడే, గురువు ఎక్కడ ఆగాడో శిష్యుడు ఎక్కడ దారి మళ్ళాడో తెలుస్తుంది.

కాబట్టి ఈసారి మీ ఊళ్ళో అలాంటి ప్రదర్శన పెడితే తప్పకుండా వెళ్ళండి. మొదటి చుట్టు పేర్లు, వివరాలు చదవకుండా తిరగండి. రెండో చుట్టులో ఏవైనా రెండు పటాలు ఎంచుకుని, ఒకదానిలో ఉండి రెండోదానిలో లేనిదేమిటో వెతకండి. దేన్ని దగ్గరగా చూపారు, దేన్ని వదిలేశారు, ఖాళీ ఎక్కడ ఉంచారు? ఆ తర్వాతే చీటీ చదవండి. చిత్రకారుడు అక్కడే ఉంటే "బాగుంది" అని ఊరుకోకుండా, మీకు కనిపించిన తేడాను ఆయనతో చెప్పండి. పద్యం పూర్తయినప్పుడు సభ స్పందించకపోతే అవధానం రక్తి కట్టదు. బొమ్మకూ అంతే, చూసే కన్ను కావాలి.