పిల్లల చదువులో ఉర్దూకు ఒక గంట: ఫ్రెంచి బోధన చెప్పే పాఠాలు

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డ బడిలో ఒక్క ఉర్దూ అక్షరమైనా నేర్చుకోకుండానే పదవ తరగతి దాటిపోతున్నాడు. ఈ మూడు పట్టణాల్లోనూ తల్లిదండ్రుల నుంచి మేము వింటున్న మాట ఇదే. రైసు మిల్లులో పనిచేసే తండ్రి, రహదారి పక్కన మెకానిక్ షెడ్డు నడుపుకునే తండ్రి కడుపు కట్టుకుని ఫీజు చెల్లించి ఇంగ్లీషు మీడియం బడికి పంపుతున్నారు. అక్కడ ఇంగ్లీషు ఉంది, తెలుగు ఉంది, హిందీ ఉంది. చాలా బడుల్లో ఉర్దూకు మాత్రం గంట లేదు. ఆ తండ్రులను మేము తప్పుపట్టము. బిడ్డకు బతుకుదెరువు కావాలి కదా!

అయితే ఈ లోటుకు మనం చెల్లిస్తున్న మూల్యం చిన్నది కాదు. తాతగారి చేతిరాత మనవడికి అందడం లేదు. నిజాం కాలపు దస్తావేజులు, మసీదుకు, దర్గాకు, ఖబ్రస్తానుకు చెందిన భూముల ముంతఖబులు ఉర్దూలో ఉన్నాయి. వక్ఫ్ భూమిపై వివాదం వచ్చిననాడు మన కాగితాన్ని మనకు చదివి చెప్పేవారి కోసం ఊరంతా వెతకవలసి వస్తోంది. హక్కు కాగితం మీద ఉన్నది, దానిని చదివే కన్ను మన ఇంట్లో కరువవుతున్నది.

ఇక్కడ ఫ్రెంచి ప్రస్తావన ఎందుకని మీరు అడగవచ్చు. ప్రాథమిక, మాధ్యమిక తరగతుల పిల్లలకు మరొక భాషను బడిలో నేర్పితే ఏమవుతుందన్నది ఫ్రెంచి విషయంలో చాలా శ్రద్ధగా పరిశీలించారు. ఆ అనుభవాల్లో మూడు మనకు పనికివస్తాయి.

మొదటిది కెనడాది. మాంట్రియల్ నగరం పక్కన సెయింట్ లాంబర్ట్ అనే ఊరిలో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు తమ పిల్లలకు ఫ్రెంచి రావడం లేదని కలత చెందారు. బడి యాజమాన్యాన్ని పట్టుబట్టి ఒప్పించి 1965లో శిశు తరగతిని పూర్తిగా ఫ్రెంచిలో ప్రారంభింపజేశారు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ పిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించారు. పిల్లలకు ఫ్రెంచి పట్టుబడింది, ఇంగ్లీషు దెబ్బతినలేదు. రెండు భాషల బరువుకు బిడ్డ చదువు కుంటుపడుతుందన్న భయం నిజం కాలేదు. ఈ పని తల్లిదండ్రుల చొరవతో మొదలైందన్నది మనం గుర్తుంచుకోవలసిన విషయం.

రెండవది ఇంగ్లండుది. 1960లలో అక్కడ ఎనిమిదేళ్ల వయసు నుంచే ఫ్రెంచి నేర్పే ప్రయోగాన్ని ప్రభుత్వం చేపట్టింది. 1974లో వెలువడిన నివేదిక నిరాశ కలిగించింది. ముందుగా మొదలుపెట్టిన పిల్లలు పదహారేళ్లు వచ్చేసరికి, వినికిడిలో తప్ప, ఆలస్యంగా మొదలుపెట్టినవారిని పెద్దగా మించలేదని తేలింది. చిన్న బడిలో కొన్నేళ్లు నేర్చుకున్న పిల్లలను పెద్ద బడిలో కొత్తవారితో కలిపి కూర్చోబెట్టి మళ్లీ మొదటి అక్షరం నుంచి చెప్పడం అక్కడి చిక్కుల్లో ఒకటి. ఐదవ తరగతి నుంచి ఆరవ తరగతికి వంతెన లేకపోతే ముందుగా వేసిన విత్తనం కూడా ఎండిపోతుందన్నమాట.

మూడవది మన తెలుగు నేలదే. యానాంలో 1954 వరకు ఫ్రెంచి పాలన సాగింది. 1956 మే 28న భారత్, ఫ్రాన్సుల మధ్య కుదిరిన ఒప్పందంలో, ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించేవరకు ఫ్రెంచి అధికారభాషగా కొనసాగుతుందని రాసుకున్నారు. నేడు యానాం వీధుల్లో వినిపించేది తెలుగే. ఒప్పందంలో దక్కిన హోదా ఇంటింటా ఒక భాషను నిలపజాలదు.

ఈ మూడవ పాఠం మనకు సూటిగా తగులుతుంది. తెలంగాణ శాసనసభ 2017 నవంబరులో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికారభాషగా గుర్తిస్తూ చట్టసవరణ చేసింది. మేము దానిని స్వాగతించాము. అయితే కార్యాలయం బోర్డు మీద ఉర్దూ రాసినంత మాత్రాన దానిని చదవగలిగే పిల్లలు తయారుకారు. వారు తరగతి గదిలోనే తయారుకావాలి.

అందుకు కావలసిన ఆధారం చట్టంలో ఉన్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఏ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని చెబుతున్నది. అంతకుముందే 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలమానం నిర్ణయించింది. బడి మొత్తం మీద 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఆ భాష పిల్లలుంటే ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్నది దాని సారాంశం. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ సైతం, ఆచరణ సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలంటున్నది.

మరి ఉపాధ్యాయులేరి? ఉర్దూ మాధ్యమ పోస్టుల్లో రిజర్వు అయినవాటికి ఆ భాష వచ్చిన అభ్యర్థులు దొరకక, నియామకం తరువాత నియామకంలో ఖాళీలు మిగిలిపోతున్నాయి. ఇది దళిత, గిరిజన సోదరుల హక్కును తగ్గించమనే వాదన కాదు. వారి వాటాను ఇతర పోస్టుల్లో పూర్తిగా భర్తీ చేసి, ఉర్దూ పోస్టులను ఉర్దూ వచ్చినవారితో నింపమని కోరుతున్నాము. ఎవరికీ దక్కని ఖాళీ కుర్చీ వల్ల నష్టపోతున్నది పిల్లలే.

తెలుగు విషయంలోనూ మా మాట స్పష్టంగా చెప్పాలి. 2018 చట్టం అన్ని బడుల్లో ఒకటి నుంచి పదవ తరగతి వరకు తెలుగును తప్పనిసరి చేసింది. మన పిల్లలకు తెలుగు రావాలి, బాగా రావాలి. మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్నది తెలుగులోనే కదా! తెలుగే ఇంటిభాషగా గల దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు మనలో ఉన్నాయి. ఉర్దూ రానివారు ముస్లింలు కారన్నట్టుగా ఎవరూ ఎన్నడూ మాట్లాడరాదు. ఉర్దూ ముస్లింలకు మాత్రమే చెందిన సొత్తు కూడా కాదు. గాలిబ్‌ను ‘గాలిబ్ గీతాలు’గా తెలుగువారికి అందించినవారు దాశరథి కృష్ణమాచార్యులు.

బోధన గురించి ఉపాధ్యాయులకు ఒక మాట. ఫ్రెంచి నేర్చుకున్న ఆ పిల్లలకు అది పరాయి భాష. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మన పిల్లలకు మాట ముందే వచ్చు, లిపి మాత్రమే రావాలి. ఆ లిపిలో కూడా సగం దారి మక్తబులోనే గడిచింది. ఖురాన్ చదివే బిడ్డకు అరబ్బీ అక్షరాలు తెలుసు. పే, టే, చే, డాల్, గాఫ్ వంటి అదనపు అక్షరాలు కొన్నే. జేర్, జబర్ గుర్తులు లేకుండా చదవడం అలవాటు కావడానికి కొంతకాలం పడుతుంది. భ, ఘ, ధ వంటి ఒత్తక్షరాలు తెలుగు వర్ణమాలలోనే ఉన్నాయి గనుక అక్కడ తెలుగు పాఠమే ఉర్దూకు తోడవుతుంది. బిడ్డ ‘నక్కో’, ‘హౌ’ అన్నప్పుడు గద్దించకండి. అది దక్కనీ. హైదరాబాదు నిర్మాత కులీ కుతుబ్ షా కవిత్వం చెప్పిన భాష. దానినే మెట్టుగా చేసుకుని పుస్తకభాషలోకి ఎక్కించండి.

ఇక మనం చేయవలసిన పనులు. ఒకటి: ప్రతి మొహల్లాలో ఉర్దూ కోరే పిల్లల పేర్లు, తరగతి, బడి వివరాలతో జాబితా తయారుచేయాలి. బడులు తెరవకముందే దానిని తల్లిదండ్రుల సంతకాలతో ప్రధానోపాధ్యాయునికి, మండల, జిల్లా విద్యాధికారులకు అందజేసి రసీదు తీసుకోవాలి. 40 మంది, 10 మంది అన్న లెక్క జాబితా ఉన్నప్పుడే పనిచేస్తుంది. రెండు: ప్రైవేటు బడుల్లో తల్లిదండ్రులు విడివిడిగా కాక కలిసి వెళ్లి వారానికి కొన్ని గంటలైనా ఉర్దూకు అడగాలి. మూడు: ఒకటి నుంచి ఐదు వరకు నేర్చుకున్న బిడ్డకు ఆరవ తరగతిలో ఉర్దూ ఎక్కడ దొరుకుతుందో ముందే చూసుకోవాలి. అది లేనిచోట దానికోసమే మొదటి అర్జీ పెట్టాలి. నాలుగు: గంట దొరికేవరకు మసీదు కమిటీలు మక్తబులో రోజూ అరగంట ఉర్దూ చదువుకు కేటాయించాలి. అందులో ఆడపిల్లలకు సమానమైన చోటుండాలి. స్పందన లేకపోతే, 350-బి అధికరణం కింద ఏర్పడిన భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు రాసే హక్కు మనకున్నది.

ఇవేవీ పెద్ద డబ్బుతో కూడిన పనులు కావు. ఒక నోటుపుస్తకం, ఒక కలం, గడప గడపకూ తిరిగే నలుగురు యువకులు, నలుగురు యువతులు చాలు. ఈ వేసవి సెలవులు ముగిసేలోగా మూడు పట్టణాల జాబితాలూ సిద్ధం కావాలని కోరుతున్నాము.