కొండదారిలో రచయితల ఇళ్ళు – యువతతో కొన్ని మాటలు

  

మేం నలుగురం. ఉద్యోగాల కోసం ఇంగ్లండు చేరిన ఆదిలాబాద్ గోండు బిడ్డలం. మొన్న మే నెలలో వారం రోజులు సెలవు పెట్టి ఆ దేశపు వాయవ్య మూలన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌కు వెళ్ళాం. కొండలెక్కడం, ఆ కొండల నడుమ ఉన్న రచయితల ఇళ్ళు చూడటం, అంతే పని. ఈ మాట ఫోన్‌లో చెబితే మాలో ఒకరి తాత నవ్వు ఆపుకోలేకపోయాడు. "కొండ మీద నడవడానికి డబ్బు పెట్టి బూట్లు కొన్నార్రా?" అన్నాడు. నిజమే, కొన్నాం. రెండో రోజుకే కాళ్ళకు బొబ్బలు కూడా వచ్చాయి.

గ్రాస్మియర్ అనే చిన్న ఊళ్ళో డవ్ కాటేజ్ ఉంది. అంతకుముందు అది దారిన పోయేవాళ్ళు ఆగే సత్రం. 1799 చివర్లో విలియం వర్డ్స్‌వర్త్, ఆయన చెల్లెలు డోరతీ అందులో దిగారు. 1808 దాకా ఉన్నారు. లోపలికి వెళితే పెద్ద భవనమేమీ కాదు. రాతి నేల, చీకటి గదులు, తల వంచి వెళ్ళాల్సిన గుమ్మాలు. మేడ మీద ఒక చిన్న గది ఉంది. చలి తగ్గడానికి డోరతీ ఆ గది గోడలకు వార్తాపత్రికలు అతికించింది. ఇప్పటికీ అక్కడ గోడల నిండా పాత పత్రికలే. మా ఊళ్ళో మట్టిగోడకు దినపత్రిక అతికించి, పడుకుని చదువుకున్న రోజులు గుర్తొచ్చి నలుగురం అక్కడే నిలబడిపోయాం.

బడిలో మనం బట్టీ పట్టిన డాఫడిల్ పూల పద్యం విలియంది. కానీ 1802 ఏప్రిల్‌లో చెరువు గట్టున ఆ పూలను చూసినప్పుడు పక్కన డోరతీ కూడా ఉంది. చూసినది చూసినట్టు దినచర్య పుస్తకంలో రాసుకుంది. అన్న పద్యం ఆ తర్వాత వచ్చింది. రొట్టె కాల్చడం, బట్టలు ఉతకడం, గుమ్మం ముందుకొచ్చిన బిచ్చగత్తె, వాన, ఇవన్నీ రాసిపెట్టింది. ఆమె బతికుండగా ఆ పుస్తకం అచ్చుకాలేదు. బోర్డు మీద పెద్ద పేరు అన్నదే, మాకు మాత్రం అది డోరతీ ఇల్లు. ఒక మామూలు ఇంట్లో మామూలు రోజును రాసిపెట్టిన మనిషి ఉంది కాబట్టే ఆ ఇల్లు ఇవాళ్టికీ నిలబడి ఉందని మేం అనుకున్నాం.

మర్నాడు అక్కడి నుంచి వర్డ్స్‌వర్త్ 1813 నుంచి 1850లో చనిపోయేదాకా ఉన్న రైడల్ మౌంట్‌కు నడిచాం. ఆ కొండదారిని శవపేటికల దారి అంటారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు శవాలను ఆ దారినే గ్రాస్మియర్ చర్చికి మోసుకొచ్చేవాళ్ళట. పేటిక దించి ఊపిరి పీల్చుకోవడానికి దారిలో ఒక బండ ఉంది. కింది ఊళ్ళల్లో దింపుడు కల్లం అంటారే, అలాంటిదే.

పిల్లల కథలు రాసిన బియాట్రిక్స్ పాటర్ ఇల్లు హిల్ టాప్ కూడా చూశాం. ఆమె 1943లో చనిపోతూ 4,000 ఎకరాలకు పైగా భూమిని నేషనల్ ట్రస్ట్‌కు రాసిచ్చింది. ఆ కొండల్లోని హెర్డ్‌విక్ గొర్రెల మందలు అక్కడే ఉండాలన్నది ఆమె కోరిక.

గొర్రెలంటే గుర్తొచ్చింది. మేం దిగిన ఇంటి పెద్దాయన ఒక సాయంత్రం పాతకాలపు కాపరులు గొర్రెలను ఎలా లెక్కపెట్టేవాళ్ళో చెప్పాడు. యాన్, టాన్, టెథెరా, మెథెరా, పింప్. వెల్ష్ భాషలో కూడా అయిదును పింప్ అనే పలుకుతారు. వెయ్యేళ్ళ కిందట ఆ కొండల్లో వెల్ష్‌కు చుట్టమైన కంబ్రిక్ అనే భాష ఉండేది. ఇప్పుడు మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు. ఈ అంకెలు దాని మిగులే అని కొందరు, తర్వాత వచ్చి చేరినవని కొందరు అంటారు. ఏదైనా సరే, పెద్దాయనకు ఇరవై దాకా వచ్చు. మనవళ్ళకు అయిదు దాకానే వచ్చట.

"మీ భాషలో చెప్పండి" అన్నాడాయన. ఉంది, రండ్, మూంద్, నాలుంగ్... హుషారుగా మొదలుపెట్టాం. ఆరు దాటాక నలుగురం నాలుగు రకాలుగా పలికాం. చివరికి తెలుగులోకి జారిపోయాం. ఆయనకు తేడా తెలియలేదు. మాకు తెలిసింది. ఆ రాత్రి ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

అందుకే మీ ముందు ఒక ప్రయాణం పెడుతున్నాం. వచ్చే పుష్యమాసంలో నాగోబా జాతరకు మేం కేస్లాపూర్ వస్తున్నాం. జాతర అయ్యాక మార్లవాయి నుంచి గుంజాలకు కొండదారిన నడుద్దాం. మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతులు 1940లలో మన మధ్య ఉండి, మన గురించి రాశారు. వాళ్ళ సమాధులు అక్కడే ఉన్నాయి. పద్మశ్రీ అందుకున్న గుస్సాడీ గురువు కనక రాజుగారిదీ ఆ ఊరే. 2024లో ఆయన వెళ్ళిపోయారు. ఇక గుంజాల సంగతి మీకు తెలిసిందే. మన భాషకు సొంత లిపి ఉందని చెప్పే రాతప్రతులు బయటపడిన ఊరు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది, అంటే ఫోన్లకూ కంప్యూటర్లకూ అందింది. దాంతో రాసేవాళ్ళం మనలో ఎంతమందిమి?

దారిలో కిక్రి వాయించే ప్రధాన్ పెద్దలు దొరికితే కూర్చుందాం, వాళ్ళు ఒప్పుకుంటే రికార్డు చేద్దాం. బూట్లు కొననక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, పెన్ను తెచ్చుకోండి. రోజూ రాత్రి పడుకునే ముందు ఆ రోజు చూసింది, తిన్నది, విన్నది నాలుగు వాక్యాలు రాయాలి. ఇదొక్కటే షరతు.

వచ్చేవాళ్ళు సంఘం పెద్దలకు పేర్లివ్వండి. ఈలోగా ఇవాళ రాత్రే ఇంటికి ఫోన్ చేసి, ఆరు తర్వాత ఏమంటారో అడగండి. మేమూ అడిగాం. తాత మళ్ళీ నవ్వాడు. నవ్వి, నెమ్మదిగా ఒక్కొక్కటే చెప్పాడు.