వాల్తేరు బిడ్డ, ఐరోపా వెండితెర

గ్రంథాలయ రజతోత్సవములో సినిమా ప్రసంగమేమని కొందరు పెద్దలు నన్నడిగిరి. నేను చెప్పబూనినది ఒక స్త్రీ నేర్చిన విద్యను గూర్చి.

దేవికారాణి 1908 మార్చి 30వ తేదీన మన వాల్తేరులో జన్మించెను. వంగదేశీయుల బిడ్డ, తండ్రి కర్నల్ చౌదరి వైద్యుడు. తొమ్మిదవ యేటనే ఆమెను చదువునకై ఇంగ్లండు పంపిరి. లండనులో నాటకవిద్యయు, సంగీతమును అభ్యసించి, బట్టలమీది అద్దకమునకు నమూనాలు గీయుట సహితము నేర్చెను. ఆ కాలమున మన బాపట్ల స్థానం నరసింహారావుగారు పురుషుడై యుండియు సత్యభామగా రంగమెక్కి జనులను మురిపించుచుండిరి. వారి ప్రతిభకు చేతులు జోడింతును. కాని కులస్త్రీ రంగమెక్కుట తప్పుగా నెంచిన కాలమది.

1928లో హిమాంశు రాయ్ అను చిత్రనిర్మాత ఆమెకు లండనులో పరిచయమయ్యెను; మరుసటి యేట వివాహమాడిరి. అటుపిమ్మట బెర్లిను నగరమందలి ఊఫా స్టూడియోలో ఆమె నటనయే గాక తెరవెనుక పనులును నేర్చెను.

ప్రవరాఖ్యుని కథ మనమెరిగినదే. సిద్ధుడిచ్చిన పసరు పాదములకు పూసికొని హిమాలయమునకేగెను. మంచునకు పసరు కరగిపోగా ఇంటిదారి మూసికొనెను. మూకచిత్రము అట్టి పసరు. 1925లో రాయ్‌గారు జర్మనులతో కలిసి తీసిన బుద్ధుని కథ ‘లైట్ ఆఫ్ ఏషియా’కు ఏ దేశమున ఆ దేశభాషలో నాలుగు వాక్యములు వ్రాసి నడుమ చూపిన చాలును. చిత్రములకు మాట వచ్చినది, పసరు కరగినది. అంతట ‘కర్మ’ అను చిత్రమును ఇంగ్లీషునను, హిందీలోను తీయవలసి వచ్చెను. నాయిక దేవికారాణియే, ఇంగ్లీషు పాటయు తానే పాడెను. 1933లో లండను పత్రికలు ఆమె రూపమును, ఉచ్చారణను మెచ్చుకొనెను. హిందీ ప్రతి బొంబాయిలో ఆడలేదు. కథ యొకటే, ముఖ మొకటే. రెండు పద్దులు రెండు విధముల ముగిసెను. నేటికిని జనులు ఆ చిత్రమందలి ముద్దును గూర్చియే ముచ్చటింతురు గాని పాటను తలచువారరుదు. సంగీతము నేర్చిన మనిషికి ఇంతకన్న అన్యాయమేమి?

ఐరోపాలో ఆమె నాయికగా నటించినది ఆ యొక్క చిత్రమే. అచటనే నిలిచియుండిన నింకెన్ని వచ్చెడివో! జర్మనీలో హిట్లరు ప్రభుత్వ మేర్పడెను. దంపతులు స్వదేశమునకు మరలిరి. అయినను వట్టిచేతులతో రాలేదు. 1934లో మలాడులో వెలసిన బాంబే టాకీసునకు దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్, ఛాయాగ్రాహకుడు విర్షింగ్, ఇరువురును జర్మనులే. 1936లో ‘అఛూత్ కన్య’యందు అస్పృశ్య బాలికగా నటించి, తన పాటలు తానే పాడెను. 1940లో భర్త గతింపగా స్టూడియో నడుపు భారము పైవేసికొనెను. 1945లో రష్యా చిత్రకారుడు రోరిక్‌ను పెండ్లాడి సినిమా విడిచెను. 1969 సంవత్సరపు తొలి ఫాల్కే పురస్కార మామెదే. 1994లో బెంగుళూరున దివంగతురాలయ్యెను.

మన యూర చక్కని కంఠము గల ఆడుబిడ్డలు లేకపోలేదు. పెండ్లిమాట రాగానే పాట మాన్పింతుము. పద్దులు వ్రాయువాడను గనుక నొక్క మనవి: ఉత్సవపు ఖర్చులు పోగా మిగులు సొమ్ముతో గ్రంథాలయమునకు ఒక హార్మోనియము కొనవలెను, వారమునకు రెండు సాయంకాలములు ఆ గది ఆడపిల్లలకు విడువవలెను. సభవారు దీనిని తీర్మానముగా స్వీకరింప వేడుచున్నాను.