పుప్పొడి లేని మొక్కజొన్న



మొక్కజొన్న చేనును చూడనివారు మనలో అరుదు. మొక్క కొనను జల్లువలె విరియునది మగపూవు. నడుమ ఆకు మొదట పొడమి, పట్టుకుచ్చు వంటి పీచుతో వెలువడునది ఆడుది, అదియే పొత్తగును. ఒక రకపు పుప్పొడి వేఱొక రకపు పీచుపై పడినచో సంకర విత్తనము పుట్టును. దానికి బలమెక్కువ. కాని యందుకై తల్లి వరుసలోని ప్రతి మొక్క జల్లును, పుప్పొడి రాలకముందే పెఱికివేయవలెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో వేసవియందు కూలీలును, బడిపిల్లలును గుంపులుగా చేసిన పని యిది. ఎన్ని జల్లులు తప్పిన నంత మేరకు విత్తనము కల్తీ యగును.

ఇట్లుండగా టెక్సాసులో ఒక వింత మొక్కజొన్న దొరికినది. దాని వివరములు 1952లో వెలువడినవి. దానికి జల్లు వచ్చును, పుప్పొడి రాదు. పొత్తు మాత్రము చక్కగా కట్టును. ఈ లక్షణము తల్లినుండియే సంతతికి దిగును. కారణమేమి?

వంశ లక్షణములను మోయు జన్యువులు కణము నడిమి కేంద్రకమందుండునని మీరు వినియుందురు. అవి తల్లిదండ్రు లిరువురినుండియు వచ్చును. కేంద్రకము వెలుపల, కణద్రవ్యమందు మైటోకాండ్రియా లను సూక్ష్మాంగములు కలవు. ఆహారమును శక్తిగా మార్చు పొయ్యిలివి. వీనికి సొంత జన్యువులు కొన్ని కలవు. ఇవి తల్లి అండము ద్వారానే బిడ్డకు చేరును, పుప్పొడితో పోవు. కనుక పుప్పొడి చెడినను మైటోకాండ్రియాకు నష్టము లేదు. కేంద్రకమునకో, రెండు దారులును కావలెను. ఒకే యింట కాపురమున్నను ఇరువురి లాభములు ఒకటి కావు. మన యిండ్లలో ఇట్టివి వింతలా?

టెక్సాసు కణద్రవ్యమందలి దోషి 1986లో పట్టుబడినది. దాని పేరు టి-అర్ఫ్ 13. మైటోకాండ్రియాలోని ఇతర జన్యువుల తునకలు అతుకుకొనగా పుట్టిన బొంత యిది. దీని ప్రోటీను మైటోకాండ్రియా లోపలి పొరలో చేరును. పుప్పొడిసంచి లోపల, పెరుగుచున్న పుప్పొడిని పోషించు కణములు కొన్ని కలవు; అచట మైటోకాండ్రియా లెన్నో రెట్లు హెచ్చును. ఆ కణములే ముందు చచ్చుటచే పుప్పొడి పాలు లేని పసికందువలె నశించును.

విరుగుడు కేంద్రకమందు కలదు. పుంస్త్వమును మరల తెచ్చు జన్యువులు ఆర్‌ఎఫ్ 1, ఆర్‌ఎఫ్ 2 అనునవి రెండును కూడవలెను. మొదటిది ఆ ప్రోటీనును మిక్కిలి తగ్గించును. రెండవది దాని జోలికి పోదు. అది ఆల్డిహైడ్ డీహైడ్రోజినేస్ అను ఎంజైమును చేయునని 1996లో తేలినది. విత్తనదారులకు ఇంతకంటె నేమి కావలెను? తల్లికి టెక్సాసు కణద్రవ్యము, తండ్రికి విరుగుడు జన్యువులు! జల్లు పెఱుక నక్కఱలేదు. రైతు చేనిలో గింజయు నిండును.

1970 నాటికి అమెరికా మొక్కజొన్నలో సుమారు నూటికి 85 వంతులు ఈ ఒక్క కణద్రవ్యమునే ధరించినవి. ఆ యేట ఆకుమాడు తెగులు శిలీంధ్రపు టి-జాతి దక్షిణమున బయలుదేరి ఉత్తరమునకు ప్రాకినది. దేశపు పంటలో నూటికి 15 వంతులు పోయినవి. ఈ కణద్రవ్యమునకు తెగులు హెచ్చుగా సోకునని ఫిలిప్పైన్సునుండి 1961లోనే వార్త వచ్చియుండెను. తగినంత లక్ష్యపెట్టినవారు లేకపోయిరి.

శిలీంధ్రము విడుచు విషము ఆ ప్రోటీనునే పట్టుకొనును. పొరకు రంధ్రములు పడి మైటోకాండ్రియా పాడగును. విరుగుడు జన్యువులు పుప్పొడిని తెచ్చినవి గాని, ఈ లోబాటును మాన్పలేకపోయినవి. వంధ్యత్వమునకును తెగులునకును మూలమొకటే యని తెలిసిన విధము ముచ్చటైనది. ఈ కణజాలమును విషము కలిపిన పాత్రలలో పెంచి, బ్రతికిన కణములనుండి మొక్కలను లేపిరి. అవి విషమునకు లోబడలేదు. పైగా పుప్పొడిని రాల్చినవి! వానిలో చాలవాటియందు ఆ జన్యువే మాయమైయుండెను. విత్తనదారులు మాత్రము 1970 తరువాత మరల జల్లులు పెఱుకుటకు పూనుకొనిరి.

మన జొన్నకును ఈ కథతో చుట్టఱికము కలదు. మైలో జొన్న కణద్రవ్యమందు కాఫిర్ జొన్న కేంద్రకము చేరినచో పుప్పొడి నశించునని 1954లో స్టీఫెన్సు, హాలండు అనువారు ప్రకటించిరి. మైలో కేంద్రకమందు విరుగుడు జన్యువులుండుటచే, సొంత యింట ఆ దోషము దాగియుండెను. మన దేశపు తొలి సంకర జొన్న సి.ఎస్.హెచ్-1, 1964లో విడుదలయినది. దాని తల్లిది ఈ మైలో కణద్రవ్యమే. నేటికిని సంకర జొన్నలలో అధిక భాగము దానిపైననే యాధారపడియున్నవి. మన మాల్దండి జొన్నవంటి వేఱు ఆధారములును దొరికినవి గాని, వానికి పుప్పొడిని మరల తేగల తండ్రి రకములు అరుదు.